సరంగు మావయ్య, వేసవి గోదారి

పోయిన నెలలో మా పెద్ద మావయ్య పోయాడు. గోకవరం వైపు పునరావాస కాలనీలో, గోదారి కనుచూపు మేరలో లేని ఇంట్లో. పెద్దకర్మ రోజున షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న కుర్రాళ్లలో సగం మందికి ఆయనేం చేసేవాడో కూడా తెలీదు. "తాతకి పడవలంటే బాగా ఇష్టమంట కదా" అన్నాడొకడు టీ ఊదుకుంటూ. ఇష్టమేంటి నా మొహం! రాజమండ్రి రేవు నుంచి పాపికొండల మీదుగా కూనవరం దాకా ప్యాసింజర్ లాంచీ నడిపిన సరంగు ఆయన. ఆయన లాంచీ హారన్ విని పొయ్యి మీద ఎసరు పెట్టిన ఇళ్లు ఆ ఒడ్డు పొడుగునా ఉండేవి.

కుర్రాడి తప్పేం లేదు, వాడు పుట్టేసరికి లాంచీల కథ అయిపోయింది. కానీ హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు. గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

*

పరీక్షలు అయిపోయిన మర్నాడే అమ్మ మమ్మల్ని రాజమండ్రి రేవులో లాంచీ ఎక్కించేది. అమ్మమ్మగారి ఊరు దేవీపట్నానికి ఎగువన, కొండల మొదట్లో. అప్పట్లో ఆ ఊరికి బస్సు లేదు. రోడ్డనేదే లేదు, ఉన్నది గోదారే.

తెల్లారకముందే రేవులో ఉండాలి. మెట్ల మీద నిద్రమొహాలతో జనం, పెట్రోమాక్స్ లైటు కింద టీ బండి, తాళ్లతో కట్టిన మూటలు. పైకి వెళ్లే సరుకంతా ఉప్పు బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు, ఎండుచేపల గంపలు, తానుల గుడ్డ. డీజిలు కంపు, ఎండుచేపల కంపు, తడిసిన కొబ్బరితాడు వాసన కలిస్తే వచ్చే వాసనొకటి ఉంది, దానికి పేరు లేదు. ఇప్పటికీ ఏ హార్బరుకైనా వెళితే అందులో మూడోవంతు తగులుతుంది, మిగతాది తగలదు.

లాంచీ కదిలాక గంటసేపు నిద్ర. లేచేసరికి ఏటి మధ్య గుట్ట మీద పట్టిసీమ వీరభద్రస్వామి గుడి. ఆడవాళ్లు కూర్చున్న చోటినుంచే దణ్ణం పెట్టుకునేవారు. తర్వాత పోలవరం రేవు. అక్కడ సగం మంది దిగిపోతే కాళ్లు చాపుకోవడానికి చోటు దొరికేది. గండి పోచమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టనిదే ఏ లాంచీ ముందుకి వెళ్లేది కాదు. మావయ్యకి భక్తి పెద్దగా లేదు, అయినా ఆ కాయ మాత్రం తన చేత్తోనే కొట్టేవాడు. "అమ్మవారి కోసం కాదు అల్లుడూ, ఎక్కినోళ్ల గుండె ధైర్యం కోసం" అనేవాడు. అమ్మమ్మ వింటే తిట్టేది.

దేవీపట్నం దాటాక కొండలు రెండు పక్కలనుంచీ ఏటి మీదకి వస్తాయి. ఇంజను చప్పుడు మారిపోయేది. అంతదాకా మైదానంలో చెదిరిపోయిన డుగ్ డుగ్, కొండలకి కొట్టుకుని తిరిగొచ్చి రెండు లాంచీలు నడుస్తున్నట్టు వినిపించేది. మా తమ్ముడు ప్రతి ఏడూ వెనక్కి తిరిగి ఆ రెండో లాంచీ కోసం చూసేవాడు.

*

వేసవిలో గోదారి లాంచీకి శత్రువు. ఇది పట్నంలో ఎవరికి చెప్పినా నమ్మరు. వరదంటే భయపడాలి గానీ ఎండాకాలం నీళ్లకి భయమేంటంటారు. వరదలో లాంచీ రేవులో కట్టేసి ఉంటుంది, సరంగు ఇంట్లో పడుకుంటాడు. వేసవిలోనే ఆయన పని. అంత వెడల్పు ఏట్లో నీళ్లు పాయలుగా చీలిపోయి, ఇసక తిన్నెలు బయటపడి, లాంచీ పట్టే దారి ఎక్కడో ఒకచోట సన్నగా ఉంటుంది. అది కూడా నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు.

ముందు అంచున ఒక కలాసీ గడ పట్టుకుని నిలబడేవాడు. పొడుగాటి వెదురు గడ, దాని మీద మూరకొకటి చొప్పున తెల్లరంగు, ఎర్రరంగు పట్టీలు. నీళ్లలో పొడిచి, తీసి, తడి ఎక్కడిదాకా ఎక్కిందో చూసి గట్టిగా అరిచేవాడు. "బారా... బారా... బార తక్కువా..." అని ఒక రాగం. బారంటే చాచిన రెండు చేతుల పొడుగు. "మూడు మూరలూ..." అన్నాడంటే రాగం పోయి గొంతు బిగిసేది. లాంచీలో మాటలు ఆగిపోయేవి. మావయ్య చక్రం పక్కనున్న తాడు లాగితే కింద ఇంజను గదిలో గంట మోగేది. గంటలెన్ని కొడితే ఏంటో కింద డ్రైవరుకే తెలుసు. ఇంజను నెమ్మదించేది. అప్పుడు మళ్లీ "బారా..." అని వినిపిస్తే బామ్మలు "నారాయణ" అనుకుని ఆకు, వక్క తీసేవాళ్లు.

నేను అడ్డం పడకుండా ఒక మూల నిలబడితే మావయ్య నన్ను తన గదిలో ఉండనిచ్చేవాడు. చెప్పడం ఆయనకి రాదు. నోట్లో చుట్ట పెట్టుకుని, కళ్లు చిట్లించి చూస్తూ, ఎప్పుడో ఒక ముక్క అనేవాడు. "చూడు, అక్కడ నీళ్లు వణుకుతున్నాయి. కింద ఇసక పైకొచ్చింది." "నున్నగా నల్లగా ఉందే, అదీ దారి." "కొంగ నిలబడింది చూశావా? దాని మోకాలు కనబడితే అటెళ్లకు." మే నెల మధ్యాహ్నం, ఏరంతా రేకులా మెరిసిపోతూ, నాకు అంతా ఒక్కలాగే కనిపించేది. ఆయన మాత్రం చక్రం ఇటు తిప్పి అటు తిప్పి, ఎవరో గీత గీసి పెట్టినట్టు వెళ్లిపోయేవాడు. కొన్నిచోట్ల నిజంగానే గుర్తులుండేవి. తిన్నె అంచున పాతిన వెదురుబొంగు, కొసకి కట్టిన ఆకు రెమ్మ. కింద నుంచి వచ్చిన లాంచీవాళ్లు పాతేవాళ్లు, ఎగువవాళ్లు చూసుకునేవాళ్లు. ఎవరిది ఏ కంపెనీ లాంచీ అని లేదు ఆ విషయంలో.

అయినా ఇసకెక్కేది. ఎక్కినప్పుడు లాంచీ కింద బర్రుమని ఒక రాపిడి, ముందుకి తూలి అందరం ఒకరి మీద ఒకరం పడడం. మగాళ్లు పంచెలు ఎగ్గట్టి నీళ్లలోకి దూకేవారు. "ఐలెస్సా" అని తొయ్యడం. ఎండుచేపల ఆవిడ తన గంప గురించి గోల. ఒక టీచరుగారుండేవారు, ప్యాంటు తడుస్తుందని దిగేవారు కాదు, పైనుంచి ఎటు తొయ్యాలో చెబుతుండేవారు.

ఒకసారి ఎంత తోసినా కదల్లేదు. చీకటి పడిపోయింది. ఆ రాత్రంతా తిన్నె మీదే. నాకైతే ఆ వేసవికంతటికీ అదే పండగ. మూటల్లోంచి బియ్యం, ఉప్పు, చింతపండు బయటికొచ్చాయి. పక్కనే వలకట్టు వేసుకున్న జాలరులు చేపలిచ్చి డబ్బులు వద్దన్నారు, బదులుగా ఒక కిరసనాయిలు డబ్బాలోంచి సీసాడు పోయించుకున్నారు. ఆ డబ్బా ఎవరిదో, ఆయన్ని అడిగారో లేదో నాకు తెలీదు. ఇసక మీద దుప్పట్లు పరిచాం. పగలు కాళ్లు కాల్చిన ఇసక అర్ధరాత్రికి చల్లబడి, తెల్లారేసరికి చలి పుట్టించింది. ఎదురు కొండ మీద పోడు మంటలు వంకరటింకరగా పైకి పాకుతున్నాయి. ఆ కొండల్లో ఉండే గిరిజనులు కొండరెడ్లు చెట్లు కొట్టి, ఎండాక, వానలకి ముందు తగలబెడతారు, ఆ బూడిదలోనే జొన్నలు చల్లుతారు. అడవి తగలబడిపోతోందని టీచరుగారు బాధపడుతుంటే, పక్కన పడుకున్న కొండరెడ్డి ముసలాయన "మరి తినాలి గదండి" అని అటు తిరిగి పడుకున్నాడు.

*

చేపల సంగతి చిన్న మావయ్యది. ఆయనకి లాంచీ అంటే చిరాకు, "డీజిలు కక్కుకుంటా పోయేది" అనేవాడు. ఆయన ఆస్తి ఒక దోనె, ఒక విసురువల.

తెల్లవారుజామున లేపేవాడు. గాలి పడిపోయి ఏరు కదలకుండా ఉండే వేళ. దోనె అడుగున నీళ్లు తోడడానికి కొబ్బరిచిప్ప నా చేతిలో పెట్టి, ఆయన గడ వేసేవాడు. నీళ్లు తగ్గినప్పుడు రాళ్ల పక్కన మడుగులు మిగులుతాయి, చేపంతా అక్కడ చేరుతుంది. వల విసరడం చూడాలి. తాడు కొస ఎడం మణికట్టుకి చుట్టుకుని, వల మడతలు మోచేతి మీద వేసుకుని, అంచునున్న సీసపు గుళ్లు ఒకటి పళ్లతో కరిచిపట్టి, మిగతాది కుడిచేత్తో విప్పి పట్టుకుని, నడుం తిప్పి వదిలేవాడు. పళ్లు ఎప్పుడు వదిలాయో తెలిసేది కాదు. వల గాల్లో గుండ్రంగా తెరుచుకుని, చుట్టూ గుళ్లన్నీ ఒకేసారి నీళ్లలో పడి "జల్" మనేది. ముందూ వెనకా పడితే ఆ చప్పుడు రాదు, చేపా రాదు. తర్వాత కాస్త ఆగి, తాడు మెల్లగా, గుంజకుండా. వలలో ఏం పడిందో పైకి రాకముందే చెప్పేవాడు. ఊరికే దడదడలాడితే బొచ్చె. బరువుగా కిందకి లాగితే వాలుగ.

వాలుగ మాకు వేసవి చేప. రాజమండ్రి వాళ్లు పులస పులస అని తెగ చెప్పుకుంటారు. అది వరదనీళ్లలో సముద్రంనుంచి ఎదురొచ్చే చేప, ధవళేశ్వరం దిగువనే పట్టేస్తారు. పుస్తెలమ్మైనా పులస తినమన్నవాళ్లు మా అమ్మమ్మ చేతి వాలుగ పులుసు తినలేదు, అంతే. మట్టి దాకలో, పచ్చి మామిడికాయ ముక్కలు, కాసింత చింతపండు. పులుపు రెండు రకాలది ఉండాలంటుంది ఆవిడ. గరిటె పెట్టకూడదు, దాకని గుడ్డతో పట్టుకుని తిప్పాలి. రాత్రి వండితే మేం తినేది రేపు పొద్దున, చద్దన్నంలో. చిక్కబడిన పులుసు అన్నం మీద జారకుండా నిలబడేది.

పిల్లలకి గాలాలు. వెదురు పుల్ల, దారం, బెండుకి బదులు నెమలీక కాడ, ఎరకి పెరట్లో అరటిచెట్ల మొదట్లో తవ్విన ఎర్రలు. మా గాలాలకి పడేవి జెల్లలు. పడ్డ సంతోషం అర నిమిషం. దాని రెక్క పక్కనుండే ముల్లు గుచ్చుకుందంటే మోచేతి దాకా సలుపు. చిన్న మావయ్య ముల్లు విరిచి ఇస్తూ "పట్టడం కాదురా, విడిపించడం రావాలి" అని నవ్వేవాడు. సున్నం రాసి పంపేది అత్తయ్య.

కొండవాగుల్లో చేపలు పట్టే పద్ధతి వేరు. ఎగువ పల్లెలో కొండరెడ్ల కుర్రాడొకడు మాకు జత. వాళ్లు మంగకాయలు దంచి వాగు మడుగులో కలిపేవారు. కాసేపటికి చిన్న చేపలు మత్తెక్కి పొట్ట పైకి పెట్టి తేలేవి. గంపలతో ఎత్తుకోవడమే. కావలసినంత ఏరుకున్నాక మడుగుకి కట్టిన మట్టి గట్టు తెంచేవాళ్లు, కొత్త నీళ్లు పారితే మిగిలినవి కోలుకుని వెళ్లిపోయేవి. ఆ మడుగులో మళ్లీ ఆ ఏడు మందు కలపరు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారని అడిగితే మా జతగాడికి ప్రశ్నే అర్థం కాలేదు.

ఆ పల్లెలో వేసవంటే పిల్లలందరికీ పనే. మగపిల్లలు కల్లు గీసే జీలుగు చెట్ల దగ్గర, ఆడపిల్లలు తునికాకు కోతలో. యాభై ఆకుల కట్టలు కట్టి సాయంత్రానికి కల్లంలో లెక్క అప్పజెప్పాలి. మేం సెలవులకని వెళ్లి ఆడుకుంటుంటే వాళ్లు పని మధ్యలో దొరికిన గంటని మాకిచ్చేవాళ్లు. అప్పుడది మాకు తోచలేదు.

*

తెప్పల గురించి రాయకపోతే ఇదంతా దండగ.

పైన అడవుల్లో కొట్టిన వెదురు రాజమండ్రికి నీళ్ల మీదే దిగేది. బొంగులు కట్టలు కట్టి, కట్టలన్నీ అడవితీగలతో ఒకదానికొకటి బిగించి, ఇంటి వాకిలంత పొడుగున తెప్ప. శబరిలో కట్టినవి కూనవరం దగ్గర గోదారిలో కలిసి, కొండల సందులోంచి రోజుల తరబడి దిగేవి. తెప్ప మీదే ఆకులతో చిన్న గుడిసె. ఒక పక్క మట్టి మెత్తిన పొయ్యి, దాని మీద కుండ. నలుగురైదుగురు మనుషులు, ఒక్కోసారి కుక్క కూడా. ఇంజను లేదు, తెరచాప లేదు, తొందర అసలు లేదు. ఇటూ అటూ గడలతో తోస్తూ ఒడ్డుకి, రాళ్లకి తగలకుండా చూసుకోవడమే పని.

ఎగువ మలుపులో తెప్ప తల కనిపించిందంటే ఊళ్లో పిల్లలందరం ఏట్లోకి దూకేవాళ్లం. ఈది పట్టుకుని పైకి ఎక్కితే కాళ్ల కింద బొంగులు కదులుతూ, సందుల్లోంచి నీళ్లు చల్లగా పాదాలకి తగులుతూ... తెప్పవాళ్లు తిట్టేవారు కాదు. "బరువెక్కువైతే నిన్నే తోసేది" అని మా తమ్ముణ్ణి బెదిరిస్తూ జొన్నజావ ముంతతో ఇచ్చేవారు. ఒక మలుపు దాకా వెళ్లి దూకి, కాలే ఇసక మీద ఎగురుకుంటూ వెనక్కి పరుగు. వెళ్లేటప్పుడు దారి తెలిసేది కాదు, వచ్చేటప్పుడు తెలిసేది.

మా సొంత తెప్పలూ ఉండేవి, అరటి బోదెలవి. నాలుగు బోదెలకి అడ్డంగా కర్రలు గుచ్చితే తయారు. ముగ్గురెక్కితే మునుగుతుంది, ఇద్దరైతే తిరగబడుతుంది.

మావయ్య లాంచీ తెప్ప పక్కనుంచి వెళితే ఇంజను బాగా తగ్గించేవాడు. అలలకి కట్లు తెగితే వెదురంతా ఏటిపాలు. తెప్పవాళ్లు చెయ్యెత్తి ఎగువ సంగతులు అరిచి చెప్పేవాళ్లు, ఏ తిన్నె పక్క పాయ పూడిందో, ఎక్కడ కొత్తగా తెగిందో. వాళ్ల వేగంలో వాళ్లు ఏటిని అంగుళం అంగుళం చూసుకుంటూ వస్తారు కదా. ఆయనకి పేపరు అదే. తర్వాత అడవిలోకి రోడ్లు పడ్డాయి, వెదురు లారీలెక్కింది. తెప్పలు ఏ వేసవిలో ఆగిపోయాయో ఎవరం గమనించలేదు.

*

పేరంటపల్లి గురించి ఒక్క మాట. కొండల సందు ఇరుకయ్యాక ఒడ్డున రామకృష్ణ మునివాటం, శివాలయం. బాలానంద స్వామి ఆ అడవిలో ఉండి కొండరెడ్ల మధ్య గడిపిన చోటు. లాంచీ ఆగితే పక్కన కొండమీంచి దిగే సెలయేట్లో జనం మొహాలు కడుక్కునేవారు. మే నెలలో కూడా ఆ నీళ్లకి పళ్లు జిల్లుమనేవి. తిరుగు ప్రయాణంలో అక్కడే చింతపండు బుట్టలు, కొండచీపుళ్లు, మేకలు ఎక్కేవి. మేకలకి టికెట్ ఉండేది. కోళ్లకి లేదు.

*

86 వరద మేం చూడలేదు. అది ఆగస్టు, మేం బళ్లో ఉన్నాం. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిందని రేడియోలో చెబుతుంటే అమ్మ అన్నం మానేసింది. తర్వాత వేసవికి వెళితే అమ్మమ్మ ఇంటి గోడ మీద నా తలకంటే ఎత్తున బురద గీత. సున్నం వేసినా ఏడాదిపాటు కనబడుతూనే ఉంది.

నాకు గుర్తున్నది గీతకంటే మావయ్య మొహం. ఆ ఏడు గడ మనిషిని ఒకణ్ణి కాదు, ఇద్దర్ని పెట్టుకున్నాడు. పాత తిన్నెలు లేవు, కొత్తవి ఎక్కడెక్కడో లేచాయి, ఆకు రెమ్మల గుర్తులన్నీ పోయాయి. "గోదారి ఇల్లు సర్దుకుంది" అన్నాడు. దోనె వేసుకుని తమ్ముడితో కలిసి ఖాళీ రోజుల్లో ఏరంతా తిరిగాడు. ఒకరంటే ఒకరికి గిట్టని అన్నదమ్ములు ఆ వేసవంతా ఒకే దోనెలో కనిపించారు. చిన్న మావయ్యకి చేప ఎక్కడుంటుందో తెలుసు, అంటే లోతు ఎక్కడో తెలుసు. వానలు పడే వేళకి పెద్దాయనకి ఏరు మళ్లీ నోటికొచ్చింది.

*

రోడ్లు వచ్చాయి, బస్సులు వచ్చాయి, లాంచీలో మనుషులకంటే మేకలెక్కువయ్యాయి. చివరికి మావయ్య టూరిస్టు బోటులో చేరాడు. పాపికొండల విహారయాత్ర. పైన డెక్కు మీద మైకు, సినిమా పాటలు, డాన్సులు, మధ్యాహ్నం బోటులోనే భోజనం. రాత్రి ఉండేవాళ్లకి కొల్లూరు దగ్గర ఇసకలో వెదురు గుడిసెలు, క్యాంప్‌ఫైర్, బొంగులో కాల్చిన చికెన్. ఆ చికెన్ మా జతగాడింట్లో నేను తిన్నప్పుడు దాన్ని వంటకం అని కూడా అనుకోలేదు, గిన్నె మొయ్యడం బద్ధకమై బొంగులో పెట్టారనుకున్నాను.

నేను ఒకసారి ఆఫీసు స్నేహితుల్ని తీసుకుని వెళ్లాను. ఆ మైకు హోరుకి ఆయన బాధపడుతుంటాడని అనుకుంటూ వెళ్లాను. ఎక్కడ! తెల్ల చొక్కా, టోపీ, మొహం నిండా నవ్వు. "నెల జీతం, పైన టిప్పులు, పూటకి భోజనం. లాంచీలో మేక పెంటికలు ఊడ్చుకున్నా గదరా" అన్నాడు. మా వాళ్లలో ఒకావిడ "ఇక్కడ మొసళ్లుంటాయా అంకుల్" అనడిగితే, "ఉండేవండి. ఈ పాటలు మొదలెట్టాక పోయాయి" అన్నాడు. పాతకాలం అంతా బంగారమని రాసేవాళ్లని చూస్తే అందుకే నాకు కాస్త అనుమానం. అయితే ఒకటి, పాటలు ఎంత మోగుతున్నా ఆయన కళ్లు మాత్రం నీళ్ల మీదే ఉండేవి. ఒక చోట మైకు ఆపించాడు. కచ్చులూరు మందం అది, ఏట్లో బాగా లోతైన చోటు. వేసవిలో ఏమీ ఉండదు, నల్లగా, లోతుగా, తిన్నగా ఉంటుంది. "వరదలో ఇక్కడ నీళ్లు అడుగునుంచి లేస్తాయి" అని మాత్రం అన్నాడు.

2019 సెప్టెంబరు 15న వరదలో అక్కడే టూరిస్టు బోటు మునిగింది. తూటుగుంట జనం పడవలేసుకుని వెళ్లి దొరికినవాళ్లని ఒడ్డుకి లాగారు. మిగతావాళ్ల కోసం వారాల తరబడి వెతుకులాట. ఆ బోటుని కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి లాగి అక్టోబరులో గానీ బయటికి తియ్యలేకపోయింది. మావయ్య అప్పటికే పని మానేశాడు. టీవీ ముందు రోజంతా కూర్చుని, తన కొడుకు, మా బావ వైపు తిరిగి "వరదలో రేవు విప్పొద్దు, నీ ఓనరు ఎవడైనా సరే, ఉద్యోగం పోయినా సరే" అన్నాడట. బావదీ బోటు ఉద్యోగమే మరి.

*

పోలవరం డ్యాం కడుతూ 2021లో ఏరుని స్పిల్‌వే వైపు మళ్లించారు. దేవీపట్నం, దాని ఎగువ ఊళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. అమ్మమ్మ ఇల్లూ పోయింది. పరిహారం ఎవరికి ఎంత వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది మా చుట్టాల్లో ఇప్పటికీ గొడవే, అందులోకి వెళ్లను.

కాలనీలో ఇంటి వెనక బట్టలారేసే దండెం చూస్తే, అది ఆ గడే. తెల్ల పట్టీ, ఎర్ర పట్టీ, మూరకొకటి. రంగు సగం పోయింది, కొస దగ్గర నీళ్లలో నానిన మేర మాత్రం నల్లగా నునుపుగా ఉంది. దాని మీద మనవరాలి స్కూలు డ్రెస్సు ఆరేసి ఉంది.

మావయ్య బతికుండగా ఒకసారి బావ ఆయన్ని బోటులో పైదాకా తీసుకెళ్లాడు. ఏప్రిల్ నెల. డ్యాం వెనక నీళ్లు నిలిచిపోయి ఒడ్డుకీ ఒడ్డుకీ నిండుగా ఉంది. తిన్నె లేదు, పాయ లేదు, కొంగ నిలబడే చోటు లేదు. టూరిస్టులు ఎంత బాగుందో అంటూ ఫోటోలు తీసుకుంటున్నారు. నిజంగానే బాగుంటుంది, నేను కూడా చూశాను. ఈయన కాసేపు చక్రం దగ్గర నిలబడి "ఎటెళ్లినా లోతే. ఇంక చూసేదేముంది" అని వచ్చి కుర్చీలో కూర్చున్నాడట. చిన్న మావయ్యదీ అదే గోడు. విసురువల లోతు నీళ్లకి పనికిరాదు, అడుగు అందదు. ఇప్పుడంతా నీళ్లలో నిలువుగా కట్టి వదిలేసే నైలాన్ వలలు. "రాత్రి కట్టి పొద్దున తియ్యడమే, అది వేటేంట్రా" అంటాడు. వల మాత్రం అటక మీద జాగ్రత్తగా చుట్టి ఉంచాడు, ఎలకలు కొట్టకుండా బొగ్గుల సంచీ పక్కన పెట్టి.

పెద్దకర్మ మర్నాడు అందరూ వెళ్లిపోయాక బావ ఒక మాట అన్నాడు. లైఫ్ జాకెట్లు, కంట్రోల్ రూంలో పేర్లు రాయించడం, అన్నీ నేర్చుకున్నాను గానీ నాన్న చెప్పే తిన్నెల పేర్లు ఎప్పుడూ రాసిపెట్టుకోలేదు, ఇప్పుడెవర్ని అడగాలి అని. నేనూ చిన్న మావయ్యా గుర్తు తెచ్చుకుంటూ పెద్దకర్మ కార్డు వెనక రాయడం మొదలెట్టాం. నాలుగైదు పేర్లు దాటలేదు. వంటింట్లోంచి అత్తయ్య వచ్చింది. ఏనాడూ లాంచీ ముందు గదిలో అడుగుపెట్టని మనిషి. కూనవరం నుంచి మొదలుపెట్టి, వేలు మడుచుకుంటూ, దిగువకి వరసగా చెప్పుకుంటూ పోయింది. రోజూ అన్నం దగ్గర ఆయన చెప్పేది అదేనట, ఏ తిన్నె ఎంత జరిగిందీ, ఎక్కడ గంట కొట్టిందీ.

చిన్న మావయ్య మధ్యలో అడ్డం తగిలాడు. "ముసలమ్మ తిన్నె తర్వాత కదా వదినా గేదెల రేవు?"

"నీకేం తెలుసు, నువ్వు చేపల వెనకపడి తిరిగావు. ముందు గేదెల రేవు. ఆ తర్వాత జంట రాళ్లు. అప్పుడు ముసలమ్మ తిన్నె. ఒరేయ్ అబ్బాయ్, అది కొట్టేసి మళ్లీ రాయి."

కొట్టేసి రాశాను. చిన్న మావయ్య ఒప్పుకోలేదు. కార్డు నిండిపోయింది, బావ ఇంకో కార్డు తెచ్చాడు.